ఉత్తర ధ్రువానికి వెళ్లింది ఆరుగురు (మనకు చెప్పని చరిత్ర – 17)



గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒకసారి మీ జీకే పుస్తకం తీయండి. 'ప్రపంచంలో మొదటివారు' అని ఒక పట్టిక ఉంటుంది. ఉత్తర ధ్రువాన్ని మొదట చేరినవారు ఎవరు? రాబర్ట్ పియరీ, 1909. హాస్టల్లో నేనూ ఇదే బట్టీ కొట్టాను. మార్కు కూడా వచ్చింది.

ఆ మార్కు వెనక ఉన్న కథ నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. 1909 ఏప్రిల్ 6న, గడ్డకట్టిన ఆర్కిటిక్ సముద్రం మీద, ధ్రువం ఇదేనని లెక్కగట్టిన చోట నిలబడింది ఒక్కడు కాదు, ఆరుగురు. ఒకరు అమెరికా నౌకాదళంలో పనిచేసే తెల్ల ఇంజనీరు పియరీ. ఒకరు నల్లజాతి మనిషి, మాథ్యూ హెన్సన్. మిగతా నలుగురు గ్రీన్‌లాండ్ ఇన్యూట్‌లు: ఊటా, ఎగింగ్వా, సీగ్లూ, ఊక్వియా. మన పాఠాల్లో ఎస్కిమోలు అని చదువుకున్నది వీళ్ల గురించే. వాళ్లు సరిగ్గా ధ్రువం దగ్గరికే చేరారా, కొన్ని మైళ్ల ఇవతలే ఆగిపోయారా అన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. ఎక్కడిదాకా వెళ్లినా వెళ్లింది మాత్రం ఆరుగురు. అందులో ఎవరికీ పేచీ లేదు.

హెన్సన్ 1866లో అమెరికాలోని మేరీల్యాండ్‌లో పుట్టాడు. అక్కడ బానిసత్వం రద్దై అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. తల్లిదండ్రులు ఇతరుల పొలం కౌలుకు చేసుకునేవాళ్లు. చిన్నప్పుడే ఇద్దరూ పోయారు. పన్నెండేళ్లకు ఓడలో పనికుర్రాడిగా చేరాడు. ఆ ఓడ కెప్టెన్ దగ్గరే చదవడం, రాయడం, ఓడ నడపడం నేర్చుకున్నాడు. 1887లో వాషింగ్టన్‌లో టోపీల షాపులో పనిచేస్తుండగా పియరీ కంటపడ్డాడు. పియరీ తీసుకున్నది సొంత పనులు చేసిపెట్టే నౌకరుగా. మొదట నికరాగువా అడవుల్లో సర్వే, 1891 నుంచి ఆర్కిటిక్.

ఆ మంచులో ఈ నౌకరు ఏం నేర్చుకున్నాడో చూడండి. ఇన్యూట్ భాష వాళ్లతో సమానంగా మాట్లాడాడు. కుక్కల బండి నడపడం, మంచుగడ్డలతో ఇల్లు కట్టడం, విరిగిన స్లెడ్జిని గడ్డకట్టే చలిలో మళ్లీ బిగించడం వాళ్ల దగ్గరే నేర్చుకున్నాడు. 1899లో చలికి పియరీ కాలివేళ్లు చాలావరకు పోయాయి. అప్పుడు దగ్గరుండి చూసుకున్నదీ, వెనక్కి చేర్చడంలో ముందున్నదీ హెన్సనే. 1909లో కేప్ కొలంబియా నుంచి బయల్దేరినప్పుడు 24 మంది మనుషులు, 19 స్లెడ్జిలు, 133 కుక్కలు ఉన్నాయి. ముందు దాదాపు 760 కిలోమీటర్ల మంచు. ఒక్కో జట్టు కొంతదూరం సామాను మోసి వెనక్కి తిరిగింది. చివరికి మిగిలింది ఆ ఆరుగురే.

ఇక్కడ ఆగి ఒక విషయం చూడాలి. చివరి మజిలీకి తెల్ల కెప్టెన్ బార్ట్‌లెట్‌ని వెనక్కి పంపి హెన్సన్‌ని ఎందుకు తీసుకెళ్లావని పియరీని అందరూ అడిగారు. 1910లో వచ్చిన తన పుస్తకంలో పియరీ జవాబు రాసుకున్నాడు. స్లెడ్జి పనిలో హెన్సన్‌ని మించినవాడు లేడని ఒప్పుకున్నాడు. ఆ వెంటనే, జట్టులోని తెల్లవాళ్లకు ఉన్న తెగువ, సొంతంగా నిర్ణయం తీసుకునే చొరవ హెన్సన్‌కి జాతి వారసత్వంగా రాలేదని, ఒంటరిగా వెనక్కి పంపితే దారి తప్పి చిక్కుల్లో పడేవాడని రాశాడు.

పద్దెనిమిదేళ్లు ఆ మంచులో తిరిగినవాడికి చొరవ లేదట! పన్నెండేళ్లకే ఒంటరిగా సముద్రమెక్కినవాడికి తెగువ లేదట!

ఈ మాట నాకు కొత్త కాదు. పీజీలో నా ప్రాజెక్టు చూసి ఒక ప్రొఫెసర్ అన్నాడు, "మీవాళ్లు బాగా కష్టపడతారయ్యా, ఫీల్డ్‌వర్క్‌కి మీరే కావాలి. థియరీ మాత్రం మీవల్ల కాదు" అని. అప్పుడు మెచ్చుకున్నాడో తిట్టాడో అర్థం కాలేదు. పియరీ రాసింది చదివాక అర్థమైంది. మన చేతులు వాళ్లకు కావాలి, మన బుర్ర మాత్రం లెక్కలోకి రాకూడదు. ఇది చదివేవాళ్లలో ఎంతమంది ఈ మాట విన్నారో నాకు తెలుసు.

తిరిగొచ్చాక ఏమైంది? పియరీకి 1911లో అమెరికా పార్లమెంటు కృతజ్ఞతలు, రియర్ అడ్మిరల్ హోదా దక్కాయి. హెన్సన్ బతుకుతెరువు వెతుక్కున్నాడు. 1912లో తన కథ తానే పుస్తకంగా రాసుకున్నాడు. 1913లో ప్రెసిడెంట్ టాఫ్ట్ ఉత్తర్వుతో న్యూయార్క్ కస్టమ్స్ ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. అదే 1913లో, అదే న్యూయార్క్‌లో, కొలంబియా యూనివర్సిటీలో చదవడానికి ఇరవై రెండేళ్ల యువకుడు ఓడ దిగాడు. ఆయన మన బాబాసాహెబ్. వాళ్లిద్దరూ కలిశారని నేను చెప్పడం లేదు. ఆ మూడేళ్లు ఒకే ఊళ్లో ఉన్నారని మాత్రం గుర్తుపెట్టుకోండి.

హెన్సన్‌కి ఎక్స్‌ప్లోరర్స్ క్లబ్ సభ్యత్వం 1937లో వచ్చింది, పార్లమెంటు పతకం 1944లో వచ్చింది. 1955లో చనిపోతే మామూలు శ్మశానంలో పూడ్చారు. హార్వర్డ్‌లో పనిచేసే నల్లజాతి ప్రొఫెసర్ అలెన్ కౌంటర్ పట్టుబట్టి పోరాడితే, 1988 ఏప్రిల్ 6న ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో పియరీ పక్కన సైనిక లాంఛనాలతో మళ్లీ సమాధి చేశారు. 2021లో చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర ఒక బిలానికి హెన్సన్ పేరు పెట్టారు. 2023లో మన చంద్రయాన్-3 దిగింది కూడా ఆ ధ్రువం వైపే.

ఇక్కడితో ఆపేస్తే ఇది మనకు నచ్చే కథ. కానీ ఇంకో సగం ఉంది.

ఊటా, ఎగింగ్వా, సీగ్లూ, ఊక్వియా పేర్లు ఏ బిలానికి పెట్టారు? హెన్సన్‌కి న్యాయం జరగాలని రాసే వ్యాసాల్లో కూడా వాళ్లు 'నలుగురు ఎస్కిమోలు'గానే మిగిలిపోతారు. తరతరాలుగా ఇన్యూట్‌లు కత్తులకు, ఈటెలకు ఇనుము కొట్టి తీసుకున్నది ఆకాశం నుంచి పడ్డ ఉల్కల నుంచి. 1890ల్లో పియరీ ఆ ఉల్కలను ఓడలకెక్కించుకుపోయాడు. పెద్దదాని బరువే 30 టన్నుల పైన. తర్వాత న్యూయార్క్ మ్యూజియం 40,000 డాలర్లకు వాటిని కొన్నది. 1897లో ఆరుగురు ఇన్యూట్‌లను కూడా న్యూయార్క్ తీసుకెళ్లాడు. నలుగురు అక్కడే జబ్బుచేసి చనిపోయారు. మినిక్ అనే పిల్లవాడి తండ్రి కిసుక్ ఎముకలను మ్యూజియంలో దాచారు. అవి సొంత నేలకు చేరింది 1993లో. మనం 'అజ్ఞాత ప్రదేశం' అని చదువుకున్నది వాళ్ల ఇల్లు. ఆ దండయాత్రల్లో హెన్సన్ కూడా భాగమే. ఆ సంగతి దాచి హెన్సన్‌కి జై కొట్టడం నిజాయితీ కాదు.

ఇప్పుడు మన ఇంటికొద్దాం. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల గిరిజన బిడ్డ మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా దళిత బిడ్డ సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. ఇద్దరూ సోషల్ వెల్ఫేర్ గురుకులాల పిల్లలే. పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. తెగువ మన వారసత్వం కాదన్న ప్రతివాడికీ అది జవాబు. ఆ రోజు నేను ఏడ్చాను.

అయితే సరిగ్గా ఆ సీజన్‌లోనే, ఏప్రిల్ 18న, అదే కొండకు అవతల నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. ఎక్కువమంది షెర్పాలు. ఇతరులు ఎక్కడం కోసం దారి సిద్ధం చేస్తూ, సామాను మోస్తూ పోయారు. వాళ్లలో ఒక్కరి పేరు మనకు తెలుసా? నాకు తెలియదు. వెతకాలన్న ఆలోచన కూడా చాలా ఏళ్లు రాలేదు.

తెలియని చోటికి వెళ్లి చూడాలన్న తపన ఏ జాతి సొత్తూ కాదు. రేపు మన పిల్లలు సముద్రం అడుగుకు, చంద్రుడి మీదకు, ల్యాబుల్లోకి వెళ్తారు. వెళ్లి తీరాలి. చరిత్ర రాసే కలం కూడా మన చేతికొస్తోంది. అప్పుడు మనం పియరీలా రాస్తామా?

పరీక్షలో పియరీ అనే రాయండి, మార్కు పోగొట్టుకోవద్దు. బయటికొచ్చాక జూనియర్లకు ఆరు పేర్లూ చెప్పండి. మీ థీసిస్ ముందు పేజీలో, ఫీల్డ్‌లో దారి చూపించిన ముసలమ్మ పేరు కూడా రాయండి.

వచ్చే ఆదివారం పద్దెనిమిదో భాగంతో కలుద్దాం.

జై భీమ్.