కరణము కవిలెలు

నీ తాత దున్నిన చేను నీదేనని చూపుటకు నేడు నీ యొద్ద నేమి యున్నది? ఒక పాసుపుస్తకము, లేక కంప్యూటరు తెరమీద కనబడు ఒక పేరు. నీ పూర్వికుల కాలమున ఆ సాక్ష్యము కరణము ఇంట తాటాకు కట్టలలో నుండెను. వాటినే కవిలెలనిరి. భూముల లెక్కలు, ఇనాములు, ఊరి పూర్వ వృత్తాంతము సయితము వాటిలో వ్రాయబడెను.

తాటాకు పోయి కాగితము వచ్చినప్పుడు ఏమి జరిగెనో చూడుము. కల్నల్ మెకంజీ కొలువులో నుండిన కావలి బొర్రయ్య, అతని సోదరుడు లక్ష్మయ్య మొదలగువారు కవిలెలను పరిశీలించి, గ్రామముల కైఫీయతులను సేకరించిరి. మెకంజీ 1821లో మరణించెను. తరువాత సి. పి. బ్రౌను వాటిలో అనేకమునకు ప్రతులు వ్రాయించెను. కవిలెలు చాలవరకు నశించెను; ప్రతి వ్రాయబడినది నిలిచెను.

పత్రమే గాక దానిని కాచువాడును మారెను. మద్రాసు రాజధానిలో 1895 నాటి చట్టము గ్రామోద్యోగమును వంశమునకు కట్టివేసెను. తండ్రి ప్రక్కను కూర్చుండి కుమారుడు లెక్క నేర్చుకొనెడివాడు. అయితే ఆ గొలుసుకట్టు వ్రాత చదువలేని పేదవాడు కరణము నోటిమాటనే నమ్మవలసి వచ్చెను. పుట్టుకనుబట్టి ఉద్యోగమిచ్చుట రాజ్యాంగ విరుద్ధమని 1960లో సుప్రీంకోర్టు గుంటూరు జిల్లా వ్యాజ్యమొకదానిలో తీర్పు చెప్పెను. 1984లో ఎన్. టి. రామారావు ప్రభుత్వము కరణము, మునసబు, పటేలు, పట్వారీ ఉద్యోగములను రద్దుచేసెను. అది న్యాయమే. కాని ఏ గట్టు ఎవరిదో, ఏ అన్నదమ్ములు నోటిమాటతో పంచుకొనిరో, అది పుస్తకములో లేదు. కరణము తలలో నుండెను. పుస్తకమును అప్పగింపవచ్చును గాని తలను అప్పగించుట ఎట్లు?

ఇప్పుడు కాగితము తెరగా మారినది. ఆంధ్రప్రదేశ్‌లో 2015లో మీభూమి వచ్చెను. తెలంగాణమున 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల పదవులు తీసివేయబడెను. ఆ యేడే ధరణి ప్రారంభమాయెను. 2025లో దాని స్థానమున భూభారతి వచ్చెను. ఇంటనే కూర్చుండి రైతు తన లెక్క చూచుకొనుట గొప్ప మేలు. అయినను పేరో విస్తీర్ణమో తప్పుగా ఎక్కినవారు దిద్దుబాటు కొరకు కార్యాలయముల చుట్టు తిరిగిరి. యంత్రము వ్రాసినది చూపును, వ్రాయనిది ఎరుగదు.

కాబట్టి చదువరీ, మార్పును నిందింపకుము. అది వచ్చునప్పుడు నిద్రింపకుము. నీ యింటి పెద్దలు జీవించియుండగనే పొలము గట్లమీద వారితో నడువుము. సరిహద్దులను, పంపకములను అడిగి నీ చేతితో వ్రాసి పెట్టుము. గొలుసుకట్టు కాగితము చదువరాలేదని పారవేయకుము. చదువగలవారు కొందరైనను మిగిలియుండగా చదివించి ప్రతి వ్రాయించుము. నీ కుమారునికి భూమిని మాత్రమే గాక దాని జ్ఞాపకమును గూడ అప్పగించుట నీ విధి.