బాలనాగమ్మ నోము

పోయిన ఎండాకాలంలో మా అమ్మమ్మ పక్కన కూచుని లాప్‌టాప్‌లో ‘బాలనాగమ్మ’ సినిమా చూశాను. వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో 1959లో వచ్చిన సినిమా. బాలనాగమ్మగా అంజలీదేవి, కార్యవర్ధిరాజుగా ఎన్టీ రామారావు, మాయలోడిగా ఎస్వీ రంగారావు. నేను అంతకుముందు మూడు నాలుగుసార్లు చూసిందే. పిహెచ్‌డి చేసే రోజుల్లో జానపద సినిమాల్లో నాయికల మీద ఒక సెమినార్ పేపర్ రాశాను. అందులో బాలనాగమ్మను రెండు వాక్యాల్లో తేల్చిపారేశాను: పాతివ్రత్యాన్ని నమ్ముకుని, నోము పేరు చెప్పుకుని, కొడుకు వచ్చి విడిపించేదాకా కూచున్న నాయిక అని. పేపర్‌కు మంచి పేరే వచ్చింది.

అమ్మమ్మకు ఈ సినిమా రెండోసారి. వయసులో ఉన్నప్పుడు కొల్లాపూర్‌లో టెంటు కింద చూసిందట. తన నోము తీరేదాకా దగ్గరికి రావద్దని బాలనాగమ్మ మాయలోడికి చెప్పే చోట నేను అలవాటుగా నిట్టూర్చాను. అమ్మమ్మ తెర మీంచి చూపు తిప్పకుండానే అంది: “మరి ఏమనాలె బిడ్డా? నోమున్నదనకుంటే వాడు ఊకుంటడా?”

నా పేపర్‌లో లేని ప్రశ్న అది. దాని వెంట పడి నేను చదివిందీ, విన్నదీ ఇక్కడ రాస్తున్నాను.

కథ తెలియనివాళ్లు తక్కువే అయినా ఒకసారి చెప్పుకుందాం. ఏడుగురు అక్కచెల్లెళ్లలో చిన్నది బాలనాగమ్మ. భర్త కార్యవర్ధిరాజు, అతని అన్నలు యుద్ధానికి పోతారు. ఒళ్లో పసివాడు బాలవర్ధి. బిచ్చానికని వచ్చిన మాయలోడు ఆమెను కుక్కను చేసి నాగళ్లపూడి గట్టుకు తీసుకుపోతాడు. వెతుక్కుంటూ వచ్చిన భర్త రాయి అయిపోతాడు. బాలనాగమ్మ నోము సాకుతో పద్నాలుగేళ్లు వాణ్ణి దూరంగా ఉంచుతుంది. పెరిగి పెద్దవాడైన బాలవర్ధి పూలు కట్టే తంబళి పెద్ది ఇంట్లో తలదాచుకుని తల్లిని కలుసుకుంటాడు. మాయలోడి ప్రాణమున్న చిలుకను తెచ్చి వాణ్ణి చంపుతాడు.

బాలనాగమ్మ మెట్టిన రాజ్యం పానుగంటి. ఈ పేరు మీద మా ఇంట్లో నా చిన్నప్పటి నుంచీ తగువే. అమ్మ పుట్టిల్లు పాత మహబూబ్‌నగర్ జిల్లా పానగల్ కోటకు దగ్గర. 2016లో జిల్లాలు మారాక ఆ కోట వనపర్తి జిల్లాలోకి పోయింది. నాన్నవాళ్లది నల్లగొండ. ఆ పట్టణాన్ని ఆనుకునీ ఒక పానగల్లు ఉంది. కందూరు చోళులు రాజధాని చేసుకున్న ఊరు, పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం ఉన్న ఊరు. “మా కోటలనే బాలనాగమ్మ ఉండె” అని అమ్మమ్మ అంటే, “గుళ్లు మాయి, చెరువు మాది, బాలనాగమ్మ మీదెట్లయితది?” అని మా మేనత్త. ఎవరి బాలనాగమ్మ వాళ్లకుంది. శాసనంలో ఆమె పేరు వెతికే పని నేను పెట్టుకోలేదు. 15వ శతాబ్దంలో బహమనీలు, విజయనగర రాజులు పానగల్ కోసం కొట్టుకున్నారు. తర్వాత కుతుబ్‌షాహీలు వచ్చారు. మగవాళ్లు యుద్ధాలకు పోవడం, పసిబిడ్డతో ఒక ఆడమనిషి గడప లోపల మిగలడం ఈ నేలకు కొత్త కాదు. కథకు ఆ మాత్రం చరిత్ర చాలు.

అచ్చులో ఈ కథ నాకు ఎదురైన చోటు మరీ ఆశ్చర్యం. 1868లో లండన్‌లో అచ్చయిన ‘ఓల్డ్ డెక్కన్ డేస్’ అనే పుస్తకంలో మొదటి కథే ఇది. పుస్తకం కూర్చింది బొంబాయి గవర్నర్ కూతురు మేరీ ఫ్రియర్. కథలు చెప్పింది ఆ ఇంట్లో ఆయాగా పనిచేసిన అన్నా లిబరాటా డిసౌజా. ఆమె వాటిని చిన్నప్పుడు ఇంట్లో ముసలమ్మ దగ్గర విన్నది. ఆమె కథలో మాంత్రికుడి పేరు పంచ్‌కిన్, నాయిక పేరు బాల్నా. ఏడుగురు అక్కచెల్లెళ్లు, సవతి తల్లి, ఫకీరు వేషం, నల్ల కుక్కపిల్ల, రాయి అయిన భర్త, తోటమాలి భార్య, చిలుక – అన్నీ ఉన్నాయి. పద్నాలుగేళ్లకు బదులు పన్నెండేళ్లు.

ఆ కథలో బాల్నా పన్నెండేళ్లూ పెళ్లికి ఒప్పుకోదు. కొడుకు వచ్చాక ఇద్దరూ కూడబలుక్కుంటారు. మాంత్రికుణ్ణి మంచి మాటలతో మెత్తబరిచి, వాడి ప్రాణం ఎక్కడుందో రాబట్టేది ఆమే. రష్యా జానపద కథల్లో కష్చేయ్ ప్రాణం గుడ్డు లోపలి సూదిలో ఉంటుంది. అక్కడా ఆ రహస్యం అడిగి తెలుసుకునేది బందీగా ఉన్న స్త్రీయే. అమ్మమ్మ నాకు చెప్పిన కథలోనూ అంతే. “వాని కడుపులున్న మాట గుంజింది బాలనాగమ్మ. చిలుకను పట్టుకొచ్చుడు పిలగానికి ఎంతసేపు?” అంటుంది. సాహసమని మనం పిలిచే భాగం ఆమె లెక్కలో చివరి చిన్న పని.

జంగాలు ఈ కథ చెప్పేటప్పుడు కథకుడు ముందు నిలబడితే, ఇంటి ఆడవాళ్లు పక్కన వాయిద్యం పట్టుకుని వంత పాడేవాళ్లు. గొంతు ఉంది కానీ కథ నడిపే చోటు వాళ్లది కాదు. 1940ల్లో మోటూరి ఉదయం లాంటివాళ్లు స్త్రీల బుర్రకథ దళం కట్టి ఆ చోటు తీసుకున్నారు. సురభి వాళ్లు ఇదే కథను మాయలూ మంత్రాలూ చూపిస్తూ రంగస్థలం మీద ఊరూరా ఆడారు. 1942లో ఒకే ఏడాది రెండు ‘బాలనాగమ్మ’లు తెర మీదికి వచ్చాయి. జనం గుర్తుపెట్టుకున్నది జెమినీ వాసన్ నిర్మించిన, చిత్తజల్లు పుల్లయ్య దర్శకత్వం వహించిన సినిమాను. అందులో మాయల మరాఠీ గోవిందరాజుల సుబ్బారావు, అతని ప్రియురాలు సంగు పుష్పవల్లి, బాలనాగమ్మ కాంచనమాల.

‘మాలపిల్ల’ (1938)తో ఇంటింటికీ తెలిసిన నటి కాంచనమాల. ‘బాలనాగమ్మ’ ఆమె కీర్తికి శిఖరం, దాదాపుగా ముగింపు కూడా. నిర్మాతతో ఒప్పందం దగ్గర తగువు వచ్చిందనీ, ఆ తర్వాత మనసు దెబ్బతిన్నదనీ సినిమా చరిత్ర రాసినవాళ్లు రాశారు. 1963లో ‘నర్తనశాల’లో కొద్దిసేపు కనిపించింది. 1981లో చనిపోయింది. తెర మీద పద్నాలుగేళ్ల చెర తప్పించుకున్న స్త్రీకి బయట ఏ గడువూ అడిగే వీలు లేకపోయింది. ఆమె నోట ఆమె కథ మన దగ్గర ఎంత ఉంది? సంగు కథ కూడా ఎవరూ చెప్పలేదు. మాయలోడి ఇంట్లో బాలనాగమ్మ కన్నా ముందు నుంచీ ఉన్న ఆడమనిషి ఆమె. మనం ఆమెను అసూయపడే ఉంపుడుగత్తె అనుకుని వదిలేశాం.

ఇంకో మాట కూడా చెప్పాలి. విలన్‌ను ఒకసారి ఫకీరనీ, ఒకసారి మరాఠీ అనీ పిలవడం నాకు ఎప్పుడూ ముల్లులా గుచ్చుకుంటుంది. ఆడవాళ్లను ఎత్తుకుపోయేవాడు బయటివాడే, పరాయి మతంవాడే అని పేరులోనే చెప్పేస్తే ఇక ఇంట్లోవాడి గురించి మాట్లాడే పనే ఉండదు. అమ్మమ్మ వాణ్ణి ‘మాయలోడు’ అనే అంటుంది. పీర్ల పండుగకు ఊదు వేసి మొక్కిన మనిషి ఆమె. ఫకీరంటే ఆమెకు భయపడవలసినవాడు కాదు.

సినిమా అయిపోయాక ఆ ప్రశ్న మళ్లీ ఆమెనే అడిగాను. నోము అనకపోతే ఊకుంటడా అని ఎందుకన్నావు అని. చాలాసేపు తమలపాకు ఈనెలు తీస్తూ కూచుంది. ఆ తర్వాత చెప్పింది.

పెద్దమామ పుట్టిన ఏడు తాత సాగర్ డ్యాం పనికి పోయాడు. 1955లో మొదలైన నాగార్జునసాగర్‌ను రాతితో కట్టారు. పాలమూరు కూలీలు అక్కడికీ పోయారు. ఆ తర్వాత దేశంలో ఎన్ని డ్యాములకో పోయారు. తాత ఏడాదిలో వస్తానన్నవాడు ఆరేళ్లకు గానీ రాలేదు. “రాళ్లు కొట్టబోయి రాయే అయ్యిండు” అంది అమ్మమ్మ. నవ్వుతూనే అంది. ఆ ఆరేళ్లలో మేస్త్రి అప్పు లెక్క అడగడానికని ఇంటికి వచ్చేవాడు. పొద్దుగూకినాక వచ్చేవాడు.

“మరి నువ్వేమన్నవు?”

“నోమున్నదన్న. కార్తీకమన్న. పిలగాని పుట్టెంటికలు తీయలేదన్న. ఒకటి ఒడిస్తె ఇంకొకటి. దేవుని పేరు చెప్తె వాడు ఇగ గడప దాటకపోయేది. నా మాట ఎవడింటడు బిడ్డా?”

మా అమ్మకు కూడా ఆ మాట అప్పటిదాకా తెలియదు.

ఆ నోములకు కథల పుస్తకం లేదు, ఉద్యాపన లేదు. నేను పేపర్‌లో పాతివ్రత్యం అని రాసిన చోట, ‘వద్దు’ అనే మాటకు విలువ లేని ఇంట్లో ఒక స్త్రీ ఒక్కో నెల గడువు సంపాదించుకుంటున్నది. దాన్ని గొప్ప ధిక్కారం అని ఇప్పుడు పొగడబుద్ధి కావడం లేదు. పద్నాలుగేళ్లయినా ఆరేళ్లయినా ఒంటరిగా భయపడుతూ బతికిన కాలమే. గడప తనదే అయినా దేవుణ్ణి అడ్డం పెట్టుకోవలసి రావడం న్యాయమేమీ కాదు. కానీ ఆమె ఏమీ చేయలేదని రాయడం మాత్రం అబద్ధం. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’లో తెలంగాణ పోరాటపు స్త్రీల మాటలను వాళ్ల నోటనే వినిపించింది. అది చదివి పెరిగిన నేను, సినిమా నాయిక దగ్గరికి వచ్చేసరికి పక్క గదిలో ఉన్న అమ్మమ్మను అడగలేదు.

ఆ పేపర్‌ను మళ్లీ రాస్తున్నాను. అమ్మమ్మ మాత్రం లాప్‌టాప్ మూస్తుంటే అడిగింది: “ఆ సంగు ఏమయ్యింది బిడ్డా, చివరికి? సినిమాల సరిగ చూపియ్యలే.” నేను జవాబు చెప్పలేకపోయాను.