ఆ హారం ఎవరిది?

1901 అక్టోబరు. దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరం. వీడ్కోలు సభలు ముగిశాయి. స్వదేశానికి బయల్దేరుతున్న వకీలు మోహన్‌దాస్ గాంధీకి నాతాల్ ప్రాంతపు భారతీయులు ఇచ్చిన కానుకలు ఇల్లు చేరాయి. బంగారు గడియారం, బంగారు గొలుసులు, వజ్రపుటుంగరం, వెండి సామాను. వాటిలో ఒక బంగారు హారం. అది ఆయనకిచ్చింది కాదు, ఆయన భార్య కస్తూర్బాకు ఇచ్చింది.

దాని విలువ 50 గినీలు. గినీకి 21 షిల్లింగుల చొప్పున 52 పౌండ్ల 10 షిల్లింగులు. పౌండంటే ఆ రోజుల్లో ఒక బంగారు సవరను. మన ఇళ్లలో లెక్క వేసుకుంటే 52 కాసుల బంగారానికి సరిపడే సొమ్ము.

ఆ రాత్రి గాంధీకి కునుకు పట్టలేదు. గదిలో అటూ ఇటూ పచార్లు చేస్తూనే ఉన్నారు. ప్రజల పనికి ప్రతిఫలం తీసుకోకూడదన్నది ఆయన నియమం. ఈ కానుకలు పుచ్చుకుంటే చేసిన సేవ కూలికి చేసినట్టే కదా! నగల మీద మోజు వదులుకోమని ఊరందరికీ చెబుతున్నవాడు తన ఇంట్లో ఈ బంగారాన్ని ఎలా దాచుకోవాలి? చివరికి కాగితం కలం తీసుకున్నారు. కానుకలన్నీ సమాజానికే చెందేలా, పార్సీ రుస్తుంజీ మరికొందరు ధర్మకర్తలుగా ఒక నిధి ఏర్పాటు చేస్తూ లేఖ రాశారు. అప్పటికి గానీ మనసు తేలికపడలేదు.

ఇక మిగిలింది ఇల్లాలిని ఒప్పించడం. అది తేలిక కాదని ఆయనకు తెలుసు. అందుకే తెల్లవారగానే ముందు పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పారు. వాళ్లు వెంటనే సరేనన్నారు. అమ్మకు నచ్చజెప్పే బాధ్యత కూడా నెత్తిన వేసుకున్నారు.

కస్తూర్బా ఒప్పుకోలేదు.

మీకు అక్కర్లేకపోవచ్చు, మీరు ఆడించినట్టు ఆడే పిల్లలకూ అక్కర్లేకపోవచ్చు, రేపు ఇంటికొచ్చే కోడళ్ల మాటేమిటని నిలదీశారు. ప్రేమతో ఇచ్చినవాటిని తిప్పి పంపనన్నారు. కళ్ల నీళ్లు కారుతున్నా మాట తగ్గించలేదు. పిల్లలకు ఇప్పుడే పెళ్లిళ్లు చేయబోమని, కోడళ్లకు నగలు కావలసి వస్తే అప్పుడు తననే అడగమని గాంధీ అన్నారు. నా ఒంటి మీద నగలే తీయించిన మనిషిని కోడళ్ల కోసం నగలడగాలా అని ఆమె ఎదురడిగారు. నా పిల్లల్ని ఇప్పటినుంచే సన్యాసులను చేస్తున్నారని నిష్ఠూరమాడారు. చివరికి అసలు ప్రశ్న వేశారు: ఆ హారం నాది, దాని మీద మీకేం హక్కు?

అది నీ సేవ చూసి ఇచ్చారా, నా సేవ చూసి ఇచ్చారా అని గాంధీ అడిగారు. మీ సేవలో నా సేవ లేదా అన్నారు కస్తూర్బా. రాత్రింబవళ్లు మీ కోసం చాకిరీ చేశాను, ఎవరెవరినో తెచ్చి ఇంట్లో పెడితే ఏడుస్తూనే అందరికీ చేసిపెట్టాను, అది సేవ కాదా?

ఆ మాటల వెనుక చాలా ఏళ్ల కథ ఉంది. 1888లో లండన్ చదువుకు డబ్బు చాలనప్పుడు గాంధీకి తోచిన దారి భార్య నగలు అమ్మడమే. రెండు మూడు వేల రూపాయలు వస్తాయని లెక్క వేసుకున్నారు. అన్నగారు డబ్బు సర్దుతానన్నారు. పదేళ్ల తర్వాత, 1898లో, ఇదే డర్బన్‌లో ఇంట్లో ఉన్న గుమస్తా మూత్రపాత్ర ఎత్తి పోయమన్నప్పుడు ఆమె ఏడుస్తూ మోశారు. ఏడవకుండా నవ్వుతూ మోయలేదని భర్త ఆమెను చెయ్యి పట్టి గేటు దాకా ఈడ్చుకుపోయారు. ఆ సంగతి ఆయనే తన ఆత్మకథలో సిగ్గుపడుతూ రాశారు. హారం కోసం వాదించేనాటికి ఇద్దరికీ ముప్పై రెండేళ్లు. నలుగురు పిల్లలు. చివరివాడు దేవదాస్‌కు ఇంకా రెండేళ్లు నిండలేదు.

ఆమె మాటలు కొన్ని సూటిగా తగిలాయని గాంధీ ఒప్పుకున్నారు. అయినా పట్టు విడవలేదు. ఎలాగోలా ఒప్పుకోలు రాబట్టారు. 1896లో వచ్చిన కానుకలతో సహా అన్నీ ధర్మనిధికి వెళ్లాయి. పత్రం రాసి బ్యాంకులో పెట్టారు. ఆ నిధి తర్వాత అక్కడి భారతీయుల అవసరాలకు ఆసరా అయింది. కాలక్రమంలో కస్తూర్బా కూడా ఆ పని మంచిదేనని గ్రహించారని ఆయన రాశారు.

ఆడవాళ్లకు హారం మీద మమకారం అలంకారం కోసమేనని తీసిపారేసేవాళ్లు ఆ ఉదయాన్ని గుర్తు చేసుకోవాలి. మెడలో నగ మొహెంజొదారో కంచు నర్తకి నాటికే ఉంది. నాలుగు వేల ఏళ్లు దాటినా దాని ఆకర్షణ తగ్గకపోవడానికి అందం ఒక కారణం. రెండోది భరోసా. కూతురికి తండ్రి ఆస్తిలో వాటా ఇచ్చిన హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985లో గానీ రాలేదు. అంతవరకు సాధారణంగా ఆడపిల్లకు పొలం లేదు, ఇల్లు లేదు. పుట్టింటివారు పెట్టిన కాసులపేరు, చంద్రహారం, పలకసరులే ఆమె పేరున ఉన్న ఆస్తి. పంట పోయినా, ఇంట్లో జబ్బు చేసినా కాసులపేరులోంచి ఒక్కో కాసూ విప్పి అమ్ముకునే వీలుండేది. కోడళ్ల కోసం దాచాలన్న కస్తూర్బా మాటలో ఉన్నది ఆ ముందుచూపే.

మరి ఇవ్వడం గొప్ప కాదా? గొప్పే. 1921లో గాంధీ తెలుగు జిల్లాలకు వచ్చినప్పుడు ఏలూరులో మాగంటి అన్నపూర్ణాదేవి ఒంటి మీది నగలన్నీ స్వరాజ్య నిధికి ఇచ్చారు. కాకినాడ సభలో పన్నెండేళ్లయినా నిండని దుర్గాబాయి చేతి బంగారు గాజులు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆ సభలో ఆడవాళ్లు పోటీపడి నగలు ఇచ్చారు. వాళ్లను ఎవరూ నిలదీయలేదు, వాదించి ఒప్పించలేదు. తమ సొత్తు, తమ చేత్తో ఇచ్చారు. ఆ త్యాగానికి విలువ వచ్చింది అందువల్లే.

డర్బన్‌లో గాంధీ నియమం ఉన్నతమైనదే. ప్రజాసేవకుడు కానుకలు ముట్టకూడదన్న పాఠం ఈనాటి నాయకులకు మరీ అవసరం. కానీ హారం విషయంలో న్యాయం కస్తూర్బా పక్షాన ఉంది. ఆమె అడిగిన ప్రశ్నకు ఈ దేశపు అత్యున్నత న్యాయస్థానం 1985లో జవాబిచ్చింది: స్త్రీధనం పూర్తిగా భార్య సొంతం, అది భర్త దగ్గరున్నా అతను కాపలాదారు మాత్రమే, తిరిగి ఇవ్వకపోతే నేరం.

పిల్లల ఫీజుకో, వ్యాపారానికో, అప్పు తీర్చడానికో ఇల్లాలి హారం ఈ రోజు కూడా బ్యాంకు మెట్లెక్కుతూనే ఉంది. దాన్ని పట్టుకుని గుమ్మం దాటే ముందు ఆమెను అడగండి. ఆమె వద్దంటే అక్కడితో ఆగండి. ఇస్తే, విడిపించి తెచ్చి ఆమె చేతికే అప్పగించండి.