ర్యాలీ పోటీలలో జట్టు మార్పులు: ఒప్పందం, వదంతి, వాస్తవం

తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని నిడుగల్లు ఒకప్పుడు నిడుగల్లు చోళుల రాజధాని. నేడు కొండమీద కోట శిథిలాలు, కొండ దిగువన పల్లె, చుట్టూ మెట్టచేలు, వాటి నడుమ మట్టిబాటలు మిగిలి ఉన్నాయి. తెలుగు, కన్నడం రెండూ ఇంటి భాషలుగా వినిపించే సీమ ఇది. వర్షం పడితే జారుడు, ఎండ కాస్తే దుమ్ము, మలుపు మలుపుకూ కంకరరాళ్లు. ఇటువంటి బాటలమీదనే ప్రపంచ ప్రసిద్ధమైన ర్యాలీ పోటీలు జరుగుతాయి.

ఆ పోటీల వార్తలు ఇప్పుడు సరిహద్దు పల్లెల యువకుల చేతిలోని ఫోనులోకి వచ్చి చేరుతున్నాయి. ఫలానా డ్రైవరు ఫలానా జట్టును విడిచిపెట్టాడని, ఫలానా కంపెనీ ఫలానా వానికి కబురు పంపిందని నిత్యం ఏదో ఒక మాట వినిపిస్తూనే ఉంటుంది. ఈ వార్తలలో కనిపించే కంపెనీలు మనకు కొత్తవి కావు. ఎం.ఆర్.ఎఫ్. వారి టైర్ల కర్మాగారం సంగారెడ్డి జిల్లా సదాశివపేటలో ఉంది. టి.వి.ఎస్. వారిది హొసూరు. హీరో వారి కర్మాగారం తిరుపతి జిల్లా సత్యవేడు ప్రాంతంలో ఉంది. కనుక ఈ జట్టు మార్పులు ఎలా జరుగుతాయో, వదంతికీ వాస్తవానికీ తేడా ఎక్కడ ఉందో తెలుసుకోవడం అవసరం.

ర్యాలీ స్వరూపం

రేసు ట్రాకుమీద వాహనాలన్నీ ఒక్కసారిగా బయలుదేరుతాయి. ర్యాలీలో అలా కాదు. రాకపోకలు నిలిపివేసిన బాటమీద ఒక్కొక్క కారు విడివిడిగా, నిర్ణీత వ్యవధిలో బయలుదేరుతుంది. ఈ భాగాన్ని స్పెషల్ స్టేజి అంటారు. అన్ని స్టేజిలలో పట్టిన కాలాన్ని కూడి, తక్కువ కాలం పట్టినవారిని విజేతగా ప్రకటిస్తారు. ఒక స్టేజినుంచి మరొక స్టేజికి వెళ్లేటప్పుడు మామూలు రహదారిమీద మామూలు ట్రాఫిక్ నియమాలనే పాటించాలి.

కారులో ఇద్దరుంటారు. పోటీకి ముందే బాటను పరిశీలించి రాసుకున్న మలుపుల వివరాలను కో-డ్రైవరు బిగ్గరగా చదువుతుంటే, ఆ మాటను నమ్మి డ్రైవరు నడుపుతాడు. అందువల్ల జట్టు మారేటప్పుడు తరచుగా ఇద్దరూ కలిసే మారుతారు. ఫ్రాన్సుకు చెందిన సెబాస్టియన్ ఓజియే పలుమార్లు జట్టు మారినా, 2021 చివర పదవీ విరమణ చేసేవరకు కో-డ్రైవరు జూలియన్ ఇంగ్రాసియా ఆయన వెంటనే ఉన్నాడు.

సీట్లు ఎన్ని, ఎవరివి

జట్లు ప్రధానంగా రెండు రకాలు. వాహనం తయారుచేసే కంపెనీయే ఖర్చు భరించి నడిపేది కంపెనీ జట్టు. సొంత సొమ్ముతోనో, దాతల సాయంతోనో నడిచేది ప్రైవేటు జట్టు. కంపెనీ జట్టులో డ్రైవరుకు జీతం ఉంటుంది. ప్రైవేటు జట్టులో చాలాసార్లు డ్రైవరే ఎదురు సొమ్ము కట్టి సీటు పొందుతాడు. వార్తలో "చేరాడు" అనే ఒకే మాట ఉన్నా, జీతానికి చేరాడా, సొమ్ము కట్టి చేరాడా అన్నది పూర్తిగా వేరు సంగతి.

సీట్లు బహు తక్కువ. 2025 ప్రపంచ ర్యాలీ పోటీలలో అత్యున్నత శ్రేణి కార్లను దింపిన జట్లు టయోటా, హ్యుందాయ్, ఎం-స్పోర్ట్ ఫోర్డ్ అనే మూడే. ఒక్క సీటు ఖాళీ అయితే పదిమంది పేర్లు వినిపించడానికి ఇదే కారణం.

నియమం మారినా సీటు పోవచ్చు. 2003లో సిట్రోయెన్ జట్టులో ముగ్గురు ప్రధాన డ్రైవర్లుండేవారు. 2004నుంచి జట్టుకు ఇద్దరే అన్న నియమం రావడంతో, 1995 ప్రపంచ విజేత కాలిన్ మెక్‌రే సీటు కోల్పోయాడు.

ఒప్పందంలో ఏముంటుంది

వృత్తి డ్రైవరు ఒప్పందంలో సాధారణంగా ఈ విషయాలు ఉంటాయి: ఎన్ని సంవత్సరాలు, ఏడాదికి ఎన్ని ర్యాలీలు, జీతం ఎంత, గెలుపుకు అదనమెంత, ప్రకటనలకు ఎన్ని రోజులు కేటాయించాలి, ఇతర జట్ల వాహనం నడపవచ్చునా, గాయపడితే వైద్యం, బీమా ఎవరివి, గడువుకు ముందే ఎవరెవరు ఏ కారణంపై తప్పుకోవచ్చు. గడువు ముగిశాక మరో ఏడాది కొనసాగించే హక్కును జట్టే తనవద్ద ఉంచుకోవడమూ ఉంది. అటువంటప్పుడు "రెండేళ్ల ఒప్పందం" అన్న వార్తలో రూఢి అయినది ఒక్క ఏడాదే కావచ్చు.

విజేత అయినా నిలకడ లేదు

ఎస్తోనియాకు చెందిన ఓట్ తానక్ 2019 అక్టోబరులో టయోటా కారులో ప్రపంచ విజేత అయ్యాడు. కొద్ది రోజులకే, మరుసటి ఏడాదినుంచి హ్యుందాయ్‌లో చేరుతున్నట్లు ప్రకటన వెలువడింది. 2023లో ఎం-స్పోర్ట్‌కు మారి, 2024లో తిరిగి హ్యుందాయ్‌కే వచ్చాడు. ఇది డ్రైవరు తానుగా మారిన ఉదాహరణ.

కంపెనీయే తప్పుకుంటే డ్రైవరు చేయగలిగింది తక్కువ. ప్రపంచ ఆర్థిక సంక్షోభం ముదిరిన 2008 డిసెంబరులో ఒక్కరోజు తేడాతో సుజుకీ, సుబారు రెండూ ప్రపంచ ర్యాలీనుంచి వైదొలగాయి. 2003లో సుబారుకు ప్రపంచ కిరీటం తెచ్చిన నార్వే డ్రైవరు పెట్టర్ సోల్‌బర్గ్ 2009లో సొంత జట్టు పెట్టుకొని, పాత సిట్రోయెన్ కారుతో బరిలో దిగవలసి వచ్చింది.

2016 నవంబరులో ఫోక్స్‌వాగన్ అలాగే నిష్క్రమించింది. ఆ సంస్థ కారులో వరుసగా నాలుగుసార్లు ప్రపంచ విజేత అయిన ఓజియే కూడా సీటు లేనివాడయ్యాడు. ఎం-స్పోర్ట్‌లో చేరి 2017, 2018లలో మళ్లీ గెలిచాడు. 2019లో సిట్రోయెన్‌కు వెళ్లాడు. ఆ ఏడాది చివర ఆయన వెళ్లిపోవడంతో సిట్రోయెన్ ఏకంగా పోటీనుంచే తప్పుకుంది. కంపెనీ పోతే డ్రైవరు వీధిన పడతాడు, డ్రైవరు పోతే జట్టే మూతపడవచ్చు. రెండు పక్షాలకూ భయం ఉన్నచోట వదంతులు పుట్టడం సహజం.

చెన్నై జట్టు అనుభవం

ఆసియా-పసిఫిక్ ర్యాలీ పోటీలలో చెన్నైకి చెందిన ఎం.ఆర్.ఎఫ్. జట్టు స్కోడా కార్లతో 2012నుంచి 2017 వరకు వరుసగా ఆరేళ్లు డ్రైవర్ల కిరీటాన్ని అందుకుంది. జట్టు ఒకటే, విజేతలు మాత్రం నలుగురు. 2012లో ఆస్ట్రేలియాకు చెందిన క్రిస్ అట్కిన్సన్, 2014లో చెక్ రిపబ్లిక్‌కు చెందిన యాన్ కొపెట్స్కీ, 2015లో స్వీడనుకు చెందిన పాంటస్ టీడెమండ్. 2013, 2016, 2017లలో ఢిల్లీకి చెందిన గౌరవ్ గిల్.

వీరిలో అట్కిన్సన్ 2008లో సుబారు నిష్క్రమించినప్పుడు సీటు కోల్పోయినవాడే. దూరదేశపు కంపెనీ తీసుకున్న నిర్ణయం ఒక డ్రైవరును నాలుగేళ్లకు చెన్నై జట్టు విజేతగా నిలబెట్టింది. ఫిన్లాండుకు చెందిన ఎసపెక్కా లాపి ఇక్కడినుంచి పైకి వెళ్లి, ప్రపంచ ర్యాలీలో టయోటా, సిట్రోయెన్, ఎం-స్పోర్ట్, హ్యుందాయ్ కార్లను నడిపాడు. గిల్ విదేశాల్లో ఎం.ఆర్.ఎఫ్. జట్టులో ఉంటూనే, స్వదేశంలో మహీంద్రా అడ్వెంచర్ జట్టు తరఫున ఎక్స్‌యువి 500 నడిపాడు. ఒప్పందం అనుమతిస్తే ఒకే డ్రైవరు రెండు జట్లకు పనిచేయవచ్చు. ఇది తెలియనివారు ఇటువంటి వార్తను జట్టు మార్పుగా పొరబడతారు. 2019లో గిల్‌కు అర్జున పురస్కారం లభించింది. మోటారు క్రీడలలో ఆ గౌరవం పొందిన మొదటివాడు ఆయనే.

మోటారు సైకిళ్ల ర్యాలీ: హొసూరు, హీరో

ఎడారులలో రోజుల తరబడి సాగే డకార్ ర్యాలీలో మోటారు సైకిళ్ల విభాగం ఉంది. బెంగళూరుకు చెందిన సి.ఎస్. సంతోష్ 2015లో ఈ పోటీని పూర్తిచేసిన మొదటి భారతీయుడయ్యాడు. హీరో సంస్థ 2016లో ర్యాలీ జట్టును స్థాపించి 2017లో డకార్‌లో దిగినప్పుడు ఆయన ఆ జట్టులో ఉన్నాడు. హొసూరు టి.వి.ఎస్. ఫ్రాన్సుకు చెందిన షెర్కో సంస్థతో కలిసి పోటీచేసింది. తరువాత కన్నడ బిగ్ బాస్ ద్వారా ఇంటింటికీ తెలిసిన కె.పి. అరవింద్ 2019లో ఆ జట్టు తరఫున డకార్‌ను పూర్తిచేశాడు. కేరళకు చెందిన హరిత్ నోవా 2024లో ర్యాలీ-2 తరగతిలో ప్రథముడుగా, మొత్తం మీద 11వ స్థానంలో నిలిచాడు.

బోట్స్‌వానాకు చెందిన రాస్ బ్రాంచ్ యమహాలో ఉండేవాడు. 2022లో యమహా డకార్‌నుంచి తప్పుకోవడంతో హీరోలో చేరాడు. 2024 డకార్‌లో ద్వితీయ స్థానం, అదే ఏడాది ప్రపంచ ర్యాలీ-రెయిడ్ కిరీటం సాధించాడు.

అన్ని మార్పులూ ఇలా ముగియవు. పోర్చుగల్‌కు చెందిన పావులో గొన్సాల్వెస్ 2019లో హోండాను విడిచి హీరోలో చేరాడు. బావమరిది వరుసైన జోఆకిమ్ రోడ్రిగెస్ కూడా అదే జట్టులో ఉన్నాడు. 2020 జనవరి 12న సౌదీ అరేబియా ఎడారిలో జరిగిన ప్రమాదంలో గొన్సాల్వెస్ మరణించాడు. హీరో జట్టు ఆ ఏటి పోటీనుంచి విరమించుకుంది. మరుసటి ఏడాది అదే పోటీలో సంతోష్ తీవ్రంగా గాయపడి, వైద్యుల పర్యవేక్షణలో స్పృహ లేని స్థితిలో ఉండి, తరువాత కోలుకున్నాడు. ఒప్పందంలో జీతం అంకెకంటె బీమా నిబంధనను ముందు చదవాలని పెద్దలు చెప్పేది ఇందుకే.

కోయంబత్తూరు తెలుగు కుటుంబాలు

దక్షిణాదిలో మోటారు క్రీడలను పెంచినవారిలో కోయంబత్తూరులో తరాలుగా స్థిరపడిన తెలుగు మూలాల మిల్లు కుటుంబాలు ముఖ్యమైనవి. లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ స్వదేశంలోనే రేసు కార్లు తయారుచేయించాడు. 1995లో విమాన ప్రమాదంలో మరణించిన ఆయన పేరిటనే కారి మోటార్ స్పీడ్‌వే వెలసింది. అదే నగరానికి చెందిన ర్యాలీ విజేత జి.ఆర్. కార్తికేయన్ కుమారుడు నరేన్ కార్తికేయన్ ర్యాలీని కాక ట్రాకు పందేన్ని ఎంచుకున్నాడు. అయినా ఒప్పందాల పాఠం రెండింటా ఒకటే.

2005 ఫిబ్రవరి 1న జోర్డాన్ జట్టుతో ఒప్పందం ప్రకటించి, నరేన్ ఫార్ములా వన్‌లో మొదటి భారతీయ డ్రైవరయ్యాడు. అప్పటికే ఆ జట్టు చేతులు మారింది. మరుసటి ఏడాది ఆయనకు అక్కడ సీటు లేదు. విలియమ్స్‌లో పరీక్షా డ్రైవరుగా కొనసాగాడు. 2011లో హెచ్.ఆర్.టి. జట్టులో సీటు దొరికినా, ఏడాది మధ్యలో దానిని డేనియల్ రికియార్డోకు ఇచ్చారు. ఆ అక్టోబరులో జరిగిన భారత పందెంలో మాత్రం నరేన్‌కు అవకాశం దక్కింది. 2012 చివర ఆ జట్టే మూతపడింది. ఒప్పందం ఉండడం వేరు, ప్రతి పందెంలోనూ సీటు ఉండడం వేరు.

వార్తను తూచే పద్ధతి

జట్టు మార్పు వార్తను మూడు మెట్లమీద పరీక్షించవచ్చు. "సన్నిహిత వర్గాల సమాచారం" అన్నది మొదటి మెట్టు. అది వదంతి మాత్రమే. తన బేరం పెంచుకోవడానికి ఏదో ఒక పక్షమే దానిని వదిలి ఉండవచ్చు. జట్టూ డ్రైవరూ ఇద్దరూ ప్రకటించడం రెండో మెట్టు. పోటీకి ముందు నిర్వాహకులు విడుదల చేసే ప్రవేశ జాబితాలో ఆ డ్రైవరు పేరు, కో-డ్రైవరు పేరు, వాహనం పేరు కనిపించడం మూడో మెట్టు. ప్రకటన తరువాత కూడా కంపెనీ మనసు మారవచ్చు కనుక, జాబితాను చూసిన తరువాతే నమ్మడం మేలు.

కుటుంబాలు గమనించవలసినవి

ఈ రంగంలో అడుగుపెట్టదలచిన యువకులకు మొదటి మెట్టు భారత మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య, అంటే ఎఫ్.ఎం.ఎస్.సి.ఐ., ఇచ్చే లైసెన్సు. జాతీయ ర్యాలీ పోటీలు ఆ సమాఖ్య నియమాల ప్రకారమే జరుగుతాయి. రవాణా శాఖ ఇచ్చే లైసెన్సు దీనికి బదులు కాదు. ఊరి రహదారిమీద పందెం వేయడం ర్యాలీ కాదు, నేరం.

జట్టులో సీటు ఇప్పిస్తామని ముందుగా సొమ్ము అడిగేవారు ఎదురైతే, ఏ జట్టు, ఏ పోటీ, ఏ వాహనం అన్నది కాగితంమీద రాయించుకోవాలి. పోటీ జరగకపోతే సొమ్ము తిరిగి వస్తుందా అని అడగాలి. ఒప్పందం ఇంగ్లీషులో ఉంటే, తెలుగులోనో కన్నడంలోనో వివరించగల న్యాయవాదికి చూపించకుండా సంతకం చేయరాదు. ప్రపంచ విజేతలకే ఏడాది చివర సీటు నిలవని ఆట ఇది. దానిని నమ్మి చేను అమ్మడం, చదువు మధ్యలో మానడం తగదు.

డ్రైవరు సీటు ఒక్కటే ఈ రంగంలో బతుకుతెరువు కాదు. ప్రతి జట్టు వెనుకా మెకానిక్కులు, టైర్ల నిపుణులు, సామగ్రి లారీల డ్రైవర్లు ఉంటారు. డ్రైవరు మారినా వీరి పని సాగవచ్చు. కంపెనీ తప్పుకుంటే మాత్రం వీరికీ నష్టమే. అయినా నేర్చుకున్న పని చేతిలో ఉంటుంది కనుక, మరొక షెడ్డులోనైనా అది అన్నం పెడుతుంది.