కుందేలు కంట్లో వెలుగు గీత

1911 ఆగస్టు 3న జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో స్వీడన్ కంటివైద్యుడు అల్వర్ గుల్‌స్ట్రాండ్ ఒక కొత్త దీపాన్ని చూపించాడు. సన్నటి చీలికలోంచి వెలుగును పంపే దీపమది. ఆ ఏడాదే ఆయనకు నోబెల్ కూడా వచ్చింది. 1916లో జైస్ కంపెనీకి చెందిన హెంకర్ దానికి మైక్రోస్కోపు జోడించాక స్లిట్ ల్యాంప్‌కు రూపమొచ్చింది.

ఈ దీపం ముందు మనుషులైతే గడ్డం ఆనించి కదలకుండా కూర్చుంటారు. కుందేలు కూర్చుంటుందా! అందుకే దాన్ని తువ్వాల్లో చుట్టి ఒకరు పొదివి పట్టుకుంటే, ఇంకొకరు చేతిలో పట్టే స్లిట్ ల్యాంప్‌తో చూస్తారు. చీకటి గదిలో ఆ వెలుగు గీత కంటి ముందుండే పారదర్శక పొరను, అంటే కార్నియాను, నిలువునా కోసినట్టు చూపిస్తుంది. వాపుంటే గీత లావెక్కుతుంది. లోపల మంట ఉంటే, తలుపు సందులోంచి పడే ఎండలో దుమ్ము తేలినట్టు కణాలు తేలుతూ కనిపిస్తాయి. ఫ్లోరెసీన్ అనే రంగు చుక్క వేసి నీలి వెలుగులో చూస్తే గీరుకుపోయిన చోటు పచ్చగా మెరుస్తుంది.

కుందేలు కంటి పరీక్షల కథలో చేదు అధ్యాయమూ ఉంది. 1944లో అమెరికాలో జాన్ డ్రైజ్, ఆయన సహచరులు కుందేలు కంట్లో రసాయనం వేసి, జరిగిన హానికి మార్కులిచ్చే పద్ధతిని ప్రకటించారు. మొత్తం 110 మార్కుల్లో 80 కార్నియావే. మసకబారిన పొరకు కంటిచూపుతో మార్కులు వేయడంలో పరీక్షకుడిని బట్టి తేడాలొచ్చేవి. ఆ తేడాలను తగ్గించడానికి స్లిట్ ల్యాంప్ పనికొచ్చింది గానీ కుందేలు బాధను మాత్రం తగ్గించలేదు.

1980లో జంతు హక్కుల ఉద్యమకారుడు హెన్రీ స్పైరా న్యూయార్క్ టైమ్స్‌లో పేజీ నిండా ప్రకటన వేయించి ఈ పరీక్షపై జనాన్ని కదిలించాడు. 2014లో భారతదేశం సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించడాన్ని నిషేధించింది. కంటి మందుల పరిశోధనలో మాత్రం ఆ గీత ఇంకా వెలుగుతూనే ఉంది.