నర్గిస్, అనార్కలీ, వహీదా... ఆవాజ్ ఒక్కటే

దర్ద్ ఉన్న ఆవాజ్ అనగానే మన ఇళ్లల్లో నూర్జహాన్, బేగం అఖ్తర్, లతా పేర్లే వస్తాయి. తెలుగు పాట పక్కింటోళ్లదన్నట్టు మాట్లాడతాం. మా ఐరాలలోనూ ఇదే వరస. కానీ మన చంద్రగిరి కుటుంబానికి చెందిన పి.జి. కృష్ణవేణి, అదే జిక్కి, మనకు పరాయి ఎట్లా అవుతుంది?

1943లో 'పంతులమ్మ' నాటికి ఆమె ఇంకా చిన్నపిల్ల. 1948లో తమిళ 'జ్ఞానసౌందరి'లో బీబీ మర్యమ్‌ను వేడుకునే ప్రార్థన పాడి మషూర్ అయింది. రాజ్‌కపూర్ 'ఆహ్' 1953లో 'ప్రేమలేఖలు'గా తెలుగులోకి వచ్చినప్పుడు నర్గిస్‌కు గొంతు జిక్కిదే.

ఆపైన 1955. ఆ ఏడాది తల్చుకుంటే దిల్ ఖుష్ అవుతుంది. ఆదినారాయణరావు సంగీతంలో 'అనార్కలి' వచ్చింది. హిందీలో సి. రామచంద్ర లతాతో పాడించిన బాణీనే ఒకటి జిక్కి అందుకుంది. లతాతో పోటీ అంటే మజాకా కాదు. తెర మీద అంజలీదేవి, గొంతులో మన జిల్లా అమ్మాయి. సలీం కోసం తడపే ఆ మొహబ్బత్‌లో ఎక్కడా నకల్ వాసన లేదు. (నా మటుకు నాకు జిక్కి గొంతులోని ఆ చిన్న వణుకే ఎక్కువ ఇష్టం. కొట్లాటకొచ్చేవాళ్లు రావచ్చు!)

అదే ఏడాది 'రోజులు మారాయి'. మాస్టర్ వేణు బాణీ, కొసరాజు మాటలు, జిక్కి గొంతు. ఆ ఏరువాక పాటకు ఆడిన పిల్ల వహీదా రెహ్మాన్. ఆ సినిమా కామ్యాబీ చూసే గురుదత్ ఆమెను బంబయి తీసుకుపోయాడు. తర్వాత ఎస్.డి. బర్మన్ ఆ బాణీని 'బంబయ్ కా బాబూ'లో వాడుకున్నాడు. చూశారా, మన పొలం పాట హిందీకి పోయింది!

మా అమ్మీ తరం ఆడోళ్లలో చాలామందికి తెలుగు అక్షరం రాదు. అయినా సిలోన్ రేడియోలో విని ఏరువాక పాట పూర్తిగా పాడేవాళ్లు. ఉర్దూ ఇళ్లలోకి తెలుగు బడి కంటే ముందు ఆ పాటల వెంబడే వచ్చింది. పాటలు మంచివి కావని మందలించే బుజుర్గులూ ఉండేవారు. రేడియో ఆగలేదు.

మన జిల్లావాడే అయిన ఏ.ఎం. రాజాతో పెళ్లి జరిగింది. 1960లో 'పెళ్లికానుక'కు ఆయనే సంగీతం, పాడింది ఈమె. ఆ తర్వాత సుశీల గారి జమానా. 1989లో రైలు ప్రమాదంలో రాజా పోయారు. జిక్కి కొడుకులతో కలిసి స్టేజీల మీద పాడుతూనే ఉంది. 2004 ఆగస్టు 16న క్యాన్సర్‌తో చెన్నైలో కన్నుమూసింది.