ఫాన్ని గాష్పారిచ్

ఫాన్ని గరాత్-గాష్పారిచ్ (జననం 1994) హంగరీకి చెందిన ఐస్ హాకీ క్రీడాకారిణి. ఫార్వర్డ్‌గా ఆడుతుంది. హంగరీ మహిళల జాతీయ జట్టు రెండో అంచె పోటీల నుంచి ప్రపంచ చాంపియన్‌షిప్ అగ్రశ్రేణికి ఎదిగిన కాలంలో ఆ జట్టుకు కెప్టెన్‌గా వ్యవహరించింది. 2012లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో జరిగిన మొట్టమొదటి శీతాకాల యువ ఒలింపిక్స్‌లో, ఐస్ హాకీ వ్యక్తిగత నైపుణ్య పోటీలో రజత పతకం గెలిచింది. హంగరీలోనూ మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు కాబట్టి ఆ దేశపు పత్రికల్లో ఆమె పేరు గాష్పారిచ్ ఫాన్ని అని కనిపిస్తుంది. గరాత్ అన్నది తర్వాత చేరింది.

ఆటగాళ్ళ గొప్పను గోల్స్ లెక్కతో తేల్చడం మామూలే. ఫాన్ని విషయంలో ఆ లెక్క కంటే, ఆమె ఉండగా జట్టు ఎంత దూరం వచ్చిందన్నదే ముఖ్యం. ఐస్ హాకీలో పెద్ద దేశాల జాబితా చిన్నది, దాదాపు మారనిది. అందులోకి బయటి దేశం ఒకటి, అదీ మహిళల ఆటలో, తోసుకుని రావడం అరుదు.

నేపథ్యం

హంగరీ అనగానే గుర్తొచ్చేవి వాటర్ పోలో, ఈత, కత్తిసాము, హ్యాండ్‌బాల్. మంచు మీద ఆటలు అక్కడ కొత్తవేమీ కావు గానీ ఐస్ హాకీ ఎప్పుడూ వెనక వరసలోనే ఉంది. బుడాపెస్ట్ సిటీ పార్కులోని స్కేటింగ్ రింక్ 1870లో మొదలైంది. చలి ముదిరి చెరువు గడ్డకడితేనే స్కేటింగ్ సాగిన ఆ చోట 1926లో కృత్రిమంగా మంచు పరిచే ఏర్పాటు వచ్చింది. మరుసటి ఏడు హంగరీ అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్యలో చేరింది. పురుషుల జట్టు రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అగ్రశ్రేణిలో ఆడి, ఆ తర్వాత దాదాపు డెబ్బై ఏళ్ళు దానికి దూరమైంది. 2008లో జపాన్‌లోని సప్పోరోలో గెలిచి మళ్ళీ పై అంచెకు వెళ్ళినప్పుడు దేశమంతా పండగ చేసుకుంది.

మహిళల ఆట వయసు అంతకంటే చాలా తక్కువ. తొలి మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్ 1990లో కెనడా రాజధాని ఒట్టావాలో జరిగింది. ఎనిమిది జట్లు ఆడిన ఆ పోటీలో హంగరీ లేదు. 1998లో నగానోలో మహిళల ఐస్ హాకీ ఒలింపిక్ క్రీడ అయింది. అక్కడా హంగరీ లేదు. ఫాన్ని తరం ఆట నేర్చుకునే నాటికి వాళ్ళ ముందు అనుకరించదగ్గ స్వదేశీ తారలు పెద్దగా లేరు.

దేశంలో ఆడే మహిళల సంఖ్య తక్కువైతే బలమైన దేశీయ లీగ్ నడపడం కుదరదు. దీనికి మధ్య యూరప్ వెతుక్కున్న దారి సరిహద్దులు దాటిన లీగ్. 2004లో మొదలైన ఎలీట్ విమెన్స్ హాకీ లీగ్‌లో ఆస్ట్రియా, హంగరీ, ఇటలీ, స్లొవేనియా వంటి దేశాల క్లబ్బులు కలిసి ఆడతాయి. కొన్ని సీజన్లలో ఎక్కడో కజకిస్తాన్‌లోని అల్మాటీ నుంచి కూడా జట్టు వచ్చింది. బుడాపెస్ట్ క్లబ్బులు ఈ లీగ్‌లో క్రమంగా పైచేయి సాధించాయి. కెఎంహెచ్ బుడాపెస్ట్ ఒకటికి మించిన సార్లు టైటిల్ గెలిచింది. వారాంతాల్లో బస్సెక్కి పక్క దేశానికి వెళ్ళి రెండు మ్యాచ్‌లు ఆడి, సోమవారం మళ్ళీ చదువుకో ఉద్యోగానికో చేరుకునే ఈ తరహా హాకీ నుంచే హంగరీ జాతీయ జట్టు తయారైంది. కొందరు మాత్రం స్వీడన్ లీగ్‌కూ ఉత్తర అమెరికా విశ్వవిద్యాలయాలకూ వెళ్ళారు. ఫాన్ని కంటే దాదాపు పదేళ్ళు చిన్నదైన ఎమ్మా క్రైస్ అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం జట్టుకు ఆడింది.

ఇన్స్‌బ్రుక్ రజతం

2012 జనవరిలో జరిగిన యువ ఒలింపిక్స్‌లో బాలికల ఐస్ హాకీ జట్టు పోటీకి ఐదు దేశాలకే చోటు దక్కింది. మిగతా దేశాల పిల్లలు ఉత్త చేతులతో ఉండిపోకుండా నిర్వాహకులు వ్యక్తిగత నైపుణ్య పోటీ అని కొత్తది పెట్టారు. ఇందులో ప్రత్యర్థి జట్టు ఉండదు, తోటి ఆటగాళ్ళూ ఉండరు. ఆటలోని పనులను విడదీసి ఒక్కొక్కటిగా పరీక్షిస్తారు. రింక్ చుట్టూ అతి వేగంగా ఒక చుట్టు కొట్టడం, గోల్‌లోని లక్ష్యాలను గురి తప్పకుండా కొట్టడం, అడ్డంకుల మధ్య మెలికలు తిరుగుతూ స్కేటింగ్ చేయడం, అత్యంత వేగంగా షాట్ కొట్టడం, కచ్చితమైన పాస్‌లు ఇవ్వడం, పక్‌ను స్టిక్ నుంచి జారనీయకుండా నడపడం. మొత్తం ఆరు అంశాలు.

చూడడానికి ఇది సర్కస్ ఫీట్లలా ఉంటుంది కానీ తేలికైనది కాదు. పక్ అంటే 2.54 సెంటీమీటర్ల మందం, 7.62 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గట్టి రబ్బరు బిళ్ళ. బరువు 156 నుంచి 170 గ్రాములు. అది బంతిలా దొర్లదు, మంచు మీద జారుతుంది. స్టిక్ అంచు కాస్త వంకర తిరిగినా పక్‌దో దారి, ఆటగాడిదో దారి. మ్యాచ్‌లో అయితే ఒక పొరపాటును పక్కనున్న అమ్మాయి సర్దేస్తుంది. ఇక్కడ ఆ అవకాశం లేదు.

బాలికల విభాగంలో నెదర్లాండ్స్‌కు చెందిన జూలీ జ్వార్ట్‌హూడ్ స్వర్ణం గెలిచింది. ఫాన్నికి రజతం, జపాన్ అమ్మాయి సేనా తకెనకకు కాంస్యం దక్కాయి. బాలుర విభాగంలో హంగరీ కుర్రాడు అత్తిలా కొవాచ్ కాంస్యం తెచ్చాడు. జట్టుగా అర్హత సాధించలేని దేశం నుంచి ఇద్దరు పతకాలతో వెళ్ళడాన్ని చిన్న వార్తగా తీసిపారేయలేం. ఆట నేర్పే పద్ధతిలో హంగరీ వెనకబడి లేదని, ఆడేవాళ్ళ సంఖ్యే చాలడం లేదని అది చూపించింది. రెండేళ్ళకు, 2014లో, బాలికల అండర్-18 ప్రపంచ చాంపియన్‌షిప్ బుడాపెస్ట్‌లోనే జరిగింది.

అగ్రశ్రేణికి

ప్రపంచ చాంపియన్‌షిప్‌లో దేశాలను అంచెలుగా విడదీస్తారు. పై అంచెలో పది జట్లు. దాని కింద డివిజన్ 1 గ్రూప్ ఎ. ప్రతి అంచెలో ముందు నిలిచినవి పైకి, అడుగున పడినవి కిందికి వెళతాయి. 2019 ఏప్రిల్‌లో డివిజన్ 1 గ్రూప్ ఎ పోటీలు బుడాపెస్ట్‌లో జరిగాయి. డెన్మార్క్, స్లొవాకియా, నార్వే, ఆస్ట్రియా, ఇటలీ వచ్చాయి. కెనడాకు చెందిన లీసా హేలీ శిక్షణలో, ఫాన్ని కూడా ఉన్న హంగరీ జట్టు సొంత ప్రేక్షకుల ముందు మొదటి స్థానంలో నిలిచి, డెన్మార్క్‌తో పాటు పై అంచెకు చేరింది. హంగరీ మహిళల జట్టుకు అదే తొలిసారి. ఆ ఏడాదే స్వీడన్ పై అంచె నుంచి జారిపడడం, మారని జాబితా కూడా మారగలదని చెప్పిన మరో సంగతి.

పైకి వెళ్ళారు గానీ ఆడడానికి రెండేళ్ళకు పైగా ఆగాల్సి వచ్చింది. 2020లో కెనడాలోని నోవా స్కోషియాలో జరగాల్సిన పోటీలు కోవిడ్ వల్ల రద్దయ్యాయి. 2021 వసంతంలో అక్కడే పెట్టాలనుకుంటే ఆఖరి ఘడియలో ఆ రాష్ట్ర ప్రభుత్వం అనుమతి వెనక్కి తీసుకుంది. చివరికి ఆగస్టులో కాల్గరీలో జరిగాయి. ఇరవైల్లో ఉన్న క్రీడాకారిణులకు రెండేళ్ళంటే తక్కువ కాలం కాదు. అప్పటికి శిక్షకుడి బాధ్యత పాట్ కోర్టినా చేతికి వచ్చింది. 2008లో హంగరీ పురుషుల జట్టును పైకి తెచ్చింది కూడా ఈయనే. కాల్గరీలో హంగరీ జర్మనీ, జపాన్, చెక్ జట్ల చేతిలో ఓడి, డెన్మార్క్‌ను ఓడించింది. పది జట్లలో తొమ్మిదో స్థానం.

అసలు విజయం 2022లో డెన్మార్క్‌లో వచ్చింది. పై అంచెలోని పది జట్లను బలాబలాలను బట్టి ఎ, బి గ్రూపులుగా చేస్తారు. మేటి ఐదు జట్లు ఎ గ్రూపులో ఉంటాయి, అవన్నీ ఎలాగూ క్వార్టర్ ఫైనల్‌కు వెళతాయి. బి గ్రూపులో మొదటి ముగ్గురికే ఆ అవకాశం. ఆ గ్రూపులో జర్మనీని, ఆతిథ్య జట్టు డెన్మార్క్‌ను వెనక్కి నెట్టి హంగరీ మూడో స్థానం సంపాదించింది. దానికి దొరికిన బహుమానం అమెరికాతో మ్యాచ్! 1–12 తేడాతో ఓడిపోయింది. స్కోరు మాత్రమే చూసేవాళ్ళకు ఇది చిత్తుగా ఓడడం. పోటీ నిర్మాణమే బి గ్రూపులో మూడో జట్టును ఎ గ్రూపు విజేత ముందు నిలబెడుతుందని తెలిసినవాళ్ళకు, ఆ ఓటమి దాకా చేరడమే హంగరీ గెలుపు. మొత్తమ్మీద ఎనిమిదో స్థానం వచ్చింది.

ఆ తర్వాత నిలకడ తప్పింది. 2023లో కెనడాలోని బ్రాంప్టన్‌లో తొమ్మిదో స్థానంతో ఫ్రాన్స్‌తో పాటు కిందికి జారింది. 2024లో ఆస్ట్రియాలోని క్లాగెన్‌ఫుర్ట్‌లో నార్వేతో కలిసి మళ్ళీ అర్హత సంపాదించి, 2025లో చెక్ దేశంలోని చెస్కె బుద్యేయోవిట్సెలో పై అంచెలో ఆడింది.

కెప్టెన్‌గా

ఐస్ హాకీలో కెప్టెన్ జెర్సీ మీద ఎడమ ఛాతీ వైపు సి అనే అక్షరం ఉంటుంది. రిఫరీతో నిర్ణయాల గురించి మాట్లాడే హక్కు ఆ అక్షరం ఉన్నవాళ్ళకే, వాళ్ళు లేనప్పుడు ‘ఎ’ అనే అక్షరం ధరించిన సహాయకులకే. మంచు మీద ఒక జట్టు తరఫున గోల్‌కీపర్ కాక ఐదుగురు ఉంటారు. ఒక్కొక్కరు సుమారు ముప్పావు నిమిషం బలమంతా పెట్టి ఆడి, ఆట ఆగకుండానే బెంచి దగ్గర కంచె దూకి లోపలికి వస్తారు. వేరొకరు దూకి బయటికి వెళతారు. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు ఇలాగే సాగుతుంది. బలమైన జట్టుకు నాలుగు వరసల ఫార్వర్డ్‌లూ సమానంగా ఉంటారు. హంగరీ లాంటి జట్టుకు మొదటి రెండు వరసల మీదే భారం. అందుకే అక్కడి కెప్టెన్ అంటే పేరుకు పెద్దరికం కాదు. ఎక్కువ సేపు మంచు మీద ఉండాలి, ప్రత్యర్థి రెండు నిమిషాల పెనాల్టీలో ఉన్నప్పుడు పవర్ ప్లేలో గోల్ చేయాలి, తమవాళ్ళు పెనాల్టీలో ఉంటే పక్‌కు అడ్డుపడాలి.

జట్టు కూర్పు కూడా సాదాసీదాగా లేదు. బుడాపెస్ట్‌లో పుట్టి పెరిగినవాళ్ళతో పాటు ఉత్తర అమెరికాలో పెరిగి, హంగరీ పౌరసత్వంతో వచ్చి చేరినవాళ్ళూ ఉన్నారు. అంతర్జాతీయ సమాఖ్య నియమం ప్రకారం కొత్త పౌరసత్వం పొందినవాళ్ళు ఆ దేశపు పోటీల్లో వరసగా కొంతకాలం ఆడితేనే జాతీయ జట్టుకు అర్హులు. ఈ పద్ధతిని విమర్శించేవారూ ఉన్నారు గానీ, చిన్న దేశానికి వేరే దగ్గరి దారి లేదు.

ఒలింపిక్ అర్హత పోటీలు

ఒలింపిక్స్ విషయంలో హంగరీకి కలిసిరాలేదు. 2022 బీజింగ్ క్రీడల కోసం 2021 నవంబరులో చెక్ పట్టణం ఖొముతోవ్‌లో జరిగిన ఆఖరి అర్హత పోటీలో ఆతిథ్య జట్టు టికెట్ ఎగరేసుకుపోయింది. 2025 ఫిబ్రవరిలో జర్మనీలోని బ్రెమర్‌హావెన్‌లో జర్మనీ అదే పని చేసింది. రెండుసార్లూ హంగరీ పరాయి గడ్డ మీద, ఆతిథ్య జట్టును దాటాల్సిన స్థితిలోనే ఆడింది. 2026 మిలాన్–కోర్తినా క్రీడల మహిళల ఐస్ హాకీలో చోటు దక్కిన పది దేశాల్లో హంగరీ లేదు. ఆతిథ్య దేశం హోదాలో ఇటలీకి చోటు దొరికింది. 2019లో బుడాపెస్ట్‌లో హంగరీ వెనక నిలిచిన జట్లలో ఇటలీ ఒకటి.